ఇంట్లోనే కారు క్లచ్ మార్చుకోవడం: విశాఖలో తరచుగా అడిగే ప్రశ్నలు

మారుతీ 800, ఆల్టో, పాత వ్యాగన్ ఆర్ లాంటి చిన్న పెట్రోల్ కార్ల క్లచ్‌ను సొంతంగా మార్చుకుందామనుకునేవాళ్లు గాజువాక నుంచి మధురవాడ దాకా అవే సందేహాలు అడుగుతున్నారు. అందుకే వాటిని పని జరిగే వరుసలో ఒకచోట పెట్టాను. ఏ జవాబుకు ఆ జవాబు పూర్తిగా ఉంటుంది కాబట్టి మీకు కావలసిన చోటి నుంచి చదువుకోవచ్చు. ఇంజిన్ అడ్డంగా ఉండి, ముందు చక్రాలు లాగే, కేబుల్ క్లచ్ ఉన్న కార్లను దృష్టిలో పెట్టుకుని రాశాను. వేరే రకం సంగతి వచ్చిన చోట విడిగా చెప్పాను.

## మొదలుపెట్టే ముందు

పోయింది క్లచ్ ప్లేటేనా, ఇంకేదైనానా? ఎలా తెలుస్తుంది?

ఖాళీగా ఉన్న చదును రోడ్డు మీద 40 వేగంలో నాలుగో గేరులో వెళ్తూ యాక్సిలరేటర్ గట్టిగా తొక్కండి. ఇంజిన్ మోత పెరిగి, బండి వేగం పెరగకపోతే క్లచ్ జారుతోంది. మన ఊళ్లో ఇది ముందుగా బయటపడేది సింహాచలం కొండ ఎక్కేటప్పుడో, కైలాసగిరి మలుపుల్లోనో. చదునులో బాగానే ఉందనిపించిన బండి అక్కడ కాలిన వాసన కొడుతుంది.

కొత్త ప్లేట్ కొనేముందు ఒక పని తప్పకుండా చేయండి. పెడల్‌ను వేలితో నొక్కి చూడండి. బరువు తగిలేలోపు కొంత దూరం తేలిగ్గా కిందికి వెళ్లాలి. ఆ ఖాళీ అసలు లేకపోతే కేబుల్ మరీ బిగుతుగా ఉన్నట్టు. దానివల్ల మంచి ప్లేట్ కూడా జారుతుంది, సర్దితే సరిపోవచ్చు. ఖాళీ మరీ ఎక్కువై గేర్లు గరగరమంటూ పడుతుంటే కేబుల్ సాగిందేమో చూడండి.

శబ్దం గురించి కూడా చాలామంది అడుగుతారు. పెడల్ తొక్కినప్పుడు శబ్దం వస్తే రిలీజ్ బేరింగ్‌ను (పెడల్ తొక్కితే క్లచ్‌ను విడదీసే బేరింగ్) అనుమానించాలి. పెడల్ వదిలినప్పుడు వస్తూ, తొక్కగానే ఆగిపోతే గేర్ బాక్స్ ఇన్‌పుట్ షాఫ్ట్ (ఇంజిన్ తిరుగుడును లోపలికి తీసుకునే కడ్డీ) బేరింగ్ వైపు చూడాలి. రెండోది క్లచ్ మార్చినా పోదు.

ఎప్పుడూ చేయలేదు. నావల్ల అవుతుందా?

ఆయిల్ మార్చడం, బ్రేక్ ప్యాడ్లు మార్చడం, బండిని స్టాండ్ల మీద నిలబెట్టడం మీకు అలవాటైతే అవుతుంది. ఇందులో విప్పడం, బిగించడం కష్టం కాదు. దాదాపు 30 కిలోల గేర్ బాక్స్‌ను పడుకుని దించడం, మళ్లీ అదే చోటికి వంకర లేకుండా ఎక్కించడం కష్టం. శనివారం పొద్దున మొదలుపెట్టి ఆదివారం సాయంత్రానికి అవుతుందనుకోండి. సోమవారం ఏ-షిఫ్ట్‌కి (పొద్దుటి డ్యూటీకి) అదే బండిలో వెళ్లాలనుకుంటే మాత్రం మొదలుపెట్టకండి. ఆదివారం రాత్రి తొందరపాటులోనే బోల్టులు విరుగుతాయి, చేతులు నలుగుతాయి.

ఏ కార్ల జోలికి పోకూడదు?

ఏఎంటీ కార్లలో, అంటే క్లచ్ పెడల్ లేకుండా గేర్లు వాటంతటవే మారే కార్లలో, క్లచ్‌ను నొక్కేది యాక్చుయేటర్ అనే యంత్రం. క్లచ్ మార్చాక స్కానర్ పెట్టి దానికి కొత్త క్లచ్‌ను నేర్పించాలి. డ్యూయల్ క్లచ్ ఆటోమేటిక్‌లు ఇంట్లో చేసే పని కానే కాదు. ఫ్లైవీల్ అంటే క్లచ్ ప్లేట్ ఆనే, ఇంజిన్ చివరనుండే బరువైన చక్రం. అది రెండు ముక్కలుగా (డ్యూయల్ మాస్) ఉన్న డీజిల్ కార్లలో దాని వదులు కొలవాలి, మార్చాల్సి వస్తే ఖర్చు క్లచ్ సెట్ కంటే ఎక్కువవుతుంది. వెనక చక్రాలు లాగే పెద్ద బళ్ల గేర్ బాక్స్ పొడుగూ బరువూ రెండూ ఎక్కువే. మొదటిసారికి వీటిలో ఏదీ వద్దు.

ఆటోనగర్‌లో ఇస్తే సాయంత్రానికి చేసిచ్చేస్తారు కదా, ఎందుకింత తిప్పలు?

నిజమే, ర్యాంపు ఉన్న మెకానిక్‌కు ఇది కొన్ని గంటల పని. డబ్బు మిగలడం ఒక్కటే లెక్కయితే, స్టాండ్లు, టార్క్ రెంచ్ (బిగింపు కొలిచే పానా) కొత్తగా కొన్నాక మొదటిసారి పెద్దగా ఏమీ మిగలదు. కానీ ఏ కంపెనీ సెట్ వేశారో, ఆయిల్ సీల్ మార్చారో లేదో, ఫ్లైవీల్ ఎలా ఉందో మీ కళ్లతో చూస్తారు. నా దృష్టిలో దాని విలువ చాలా ఎక్కువ. బండి లోపలేముందో తెలుసుకోవాలన్న ఆసక్తి మీకు లేకపోతే ఆటోనగరే మంచిది.

## సామాన్లు, చోటు

క్లచ్ ప్లేట్ ఒక్కటే కొంటే చాలదా?

చాలదు. క్లచ్ ప్లేట్, దాన్ని ఫ్లైవీల్‌కు అదిమి పట్టే ప్రెషర్ ప్లేట్, రిలీజ్ బేరింగ్ మూడూ కలిపి సెట్‌గా మార్చండి. గేర్ బాక్స్ దించడమే పెద్ద పని, అది ఒకసారి దిగాక చిన్న బేరింగ్ దగ్గర పొదుపు చేస్తే ఆర్నెల్లకు ఆ పనంతా మళ్లీ చేయాల్సి రావచ్చు. పాత ప్రెషర్ ప్లేట్ మధ్యలో వేళ్లలా ఉండే స్ప్రింగ్ కొసలను చూడండి. బేరింగ్ ఆనే చోట అరిగి అద్దంలా మెరుస్తుంటాయి, ఒక్కోసారి ఒక వేలు మిగతావాటికంటే కిందికి దిగి ఉంటుంది. అలాంటిదాని మీద కొత్త ప్లేట్ వేస్తే బండి కదిలేటప్పుడు వణుకుతుంది.

వీటితో పాటు క్లచ్ కేబుల్, ఇన్‌పుట్ షాఫ్ట్ సీల్, ముందు చక్రాలను తిప్పే డ్రైవ్ షాఫ్టుల సీళ్లు రెండు, కొత్త గేర్ ఆయిల్ తెచ్చుకోండి. ఇంజిన్ రియర్ ఆయిల్ సీల్ కూడా ముందే తెచ్చి ఉంచుకోవడం మంచిది, వాడకపోతే వెనక్కి ఇచ్చేలా షాపులో మాట్లాడుకోండి. కేబుల్‌కు బదులు ద్రవంతో పనిచేసే హైడ్రాలిక్ క్లచ్‌లో, దాన్ని నొక్కే స్లేవ్ సిలిండర్ గేర్ బాక్స్ లోపలే ఉంటే దాన్నీ ఇదే విడతలో మార్చేయాలి.

సరైన పార్టో, నకిలీదో ఎలా పోల్చుకోవాలి?

షాపుకు వెళ్లేటప్పుడు ఆర్‌సీ పట్టుకెళ్లండి. ఒకే పేరున్న కారులోనే ఏడాదిని బట్టి, ఇంజిన్‌ను బట్టి క్లచ్ సైజు మారుతుంది, అందుకే ఛాసిస్ నంబర్‌తో పార్ట్ నంబర్ తీయించాలి. బిల్లు తప్పకుండా అడగండి. పాత ప్లేట్ బయటికి వచ్చాక కొత్తదాన్ని దాని మీద పెట్టి వ్యాసం చూడండి, మధ్య రంధ్రంలోని పళ్లు లెక్కపెట్టండి. అన్నింటికంటే నమ్మకమైన పరీక్ష ఇంకోటుంది. కొత్త ప్లేట్‌ను గేర్ బాక్స్ షాఫ్ట్ మీదికి ఎక్కించి చూడండి. పట్టేయకుండా, వదులుగా ఊగకుండా జారాలి. ఇదంతా అయ్యేదాకా అట్టపెట్టె చింపకండి.

ఏయే పనిముట్లు లేకుండా మొదలుపెట్టకూడదు?

ట్రాలీ జాకీ, కనీసం రెండు గట్టి జాక్ స్టాండ్లు, 8 నుంచి 19 నంబర్ దాకా సాకెట్లు, పొడవాటి ఎక్స్‌టెన్షన్లు, బ్రేకర్ బార్, టార్క్ రెంచ్, ప్లేట్‌ను సరిగ్గా మధ్యలో నిలబెట్టే క్లచ్ అలైన్‌మెంట్ టూల్, డ్రైవ్ షాఫ్ట్ లేపడానికి రెండు ప్రై బార్లు (చిన్న గడ్డపారల్లాంటి కడ్డీలు), ఇంజిన్ కింద పెట్టడానికి వెడల్పాటి చెక్క. ఇంకో జాకీ ఎవరిదైనా అరువు తెచ్చుకోండి. ఇంజిన్‌కు ఒకటి, గేర్ బాక్స్‌కు ఒకటి ఒకేసారి కావాలి. తలకు కట్టుకునే లైటు, కళ్లద్దాలు కూడా ఉండాలి. బండి కింద పడుకున్నప్పుడు తుప్పు పొట్టు నేరుగా కళ్లలోనే పడుతుంది.

అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో చేస్తే అసోసియేషన్ వాళ్లు ఊరుకుంటారా?

ముందే చెప్పి చేస్తే చాలాచోట్ల ఒప్పుకుంటారు. రెండు రోజులు బండి కదలదని పక్క పార్కింగ్ వాళ్లకు, వాచ్‌మన్‌కు చెప్పండి. నేలమీద మందపాటి ప్లాస్టిక్ పట్టా, దాని మీద అట్టలు పరవండి. సిమెంట్ నేల మీద గేర్ ఆయిల్ మరక పడితే పోవడం కష్టం, వాసన ఇంకా కష్టం.

అసలు చూడాల్సింది నేల వాలు. సెల్లార్‌లో నీళ్లు పోవడానికి వాలు పెడతారు. స్టాండ్ల మీద ఉన్న బండికి ఆ కాస్త వాలు కూడా ప్రమాదమే. చదునైన చోటు దొరక్కపోతే పని వాయిదా వేయండి. అక్టోబర్, నవంబర్ వాయుగుండాల రోజుల్లో సెల్లార్‌లోకి నీళ్లొచ్చే అపార్ట్‌మెంట్లయితే వాతావరణం చూసుకుని మొదలుపెట్టండి. స్టాండ్ల మీద, గేర్ బాక్స్ లేకుండా ఉన్న బండిని బయటికి తోయలేరు.

బీచ్ దగ్గర ఉంటాం. కింద బోల్టులన్నీ తుప్పు. ఊడతాయా?

భీమిలి, రుషికొండ, బీచ్ రోడ్డు వైపు బళ్లకు ఈ బాధ ఎక్కువ. ఉప్పుగాలికి గేర్ బాక్స్ కింది బోల్టులు, చక్రం హబ్‌ను కింది ఆర్మ్‌కు కలిపే బాల్ జాయింట్ బోల్టు ముందుగా పట్టేస్తాయి. పనికి రెండు మూడు రోజుల ముందు నుంచే రోజూ సాయంత్రం వాటి మీద తుప్పు వదిలించే ఆయిల్ కొట్టండి. వైర్ బ్రష్‌తో తల శుభ్రం చేసి, ఆరు పలకల సాకెట్‌ను సుత్తితో కొట్టి ఎక్కించండి. పన్నెండు పలకలది తలను గుండ్రం చేసేస్తుంది. కదలకపోతే ఒక్కసారి బిగించే వైపు కొద్దిగా తిప్పి, ఆ తర్వాత వదులు చేయండి. బయటికి వచ్చిన బోల్టుల మరలు తినేసి ఉంటే కొత్తవి కొనండి.

## దించేటప్పుడు

మొదట ఏది విప్పాలి?

బ్యాటరీ నెగెటివ్. స్టార్టర్ మోటార్ కేబుల్‌లో తాళం తీసేసినా కరెంట్ ఉంటుంది, పానా తగిలితే నిప్పురవ్వలు లేస్తాయి.

రెండోది, ఆయిల్ పోసే ప్లగ్ వదులు చేయడం. ఆయిల్ కార్చే కింది ప్లగ్ కంటే ముందు ఇదే. పాత ఆయిల్ అంతా కార్చేశాక పోసే ప్లగ్ రాకపోతే కొత్త ఆయిల్ పోసే దారి ఉండదు. ఆయిల్ కార్చేశాక బ్యాటరీ, దాని ట్రే, క్లచ్ కేబుల్, గేర్ లింకులు, రివర్స్ లైటు వైరు, స్పీడోమీటర్ కేబుల్ లేదా సెన్సార్, స్టార్టర్ మోటార్, డ్రైవ్ షాఫ్టులు, చివర్లో గేర్ బాక్స్ మౌంటింగులు. ప్రతిదీ విప్పేముందు ఫోనుతో ఫొటో తీయండి.

ఇంట్లో ఉన్న జాకీ మీదే లేపి చేసేయొచ్చా?

వద్దు. జాకీ లేపడానికే, మోయడానికి కాదు. డిక్కీలో వచ్చే జాకీ టైరు మార్చడం వరకే. ట్రాలీ జాకీలోనూ సీల్ వదిలేస్తే బండి దిగిపోతుంది. మీరు బోల్టుల మీద ఒళ్లంతా బలం పెట్టి లాగుతుంటారు, బండి ఊగుతుంది. స్టాండ్లు కంపెనీ చూపిన గట్టి చోట్లలోనే పెట్టాలి. వెనక చక్రాలకు ముందూ వెనకా చెక్క అడ్డాలు, హ్యాండ్ బ్రేక్. తీసిన ముందు చక్రాలను బండి పక్క అంచుల కింద పడుకోబెట్టండి, ఏదైనా జారినా మీ మీద పడదు.

ఇటుకలు, సిమెంట్ ఇటుకలు, పేర్చిన టైల్స్ ఏవీ వాడొద్దు. అవి వంగవు, పగులుతాయి. ముందస్తు హెచ్చరిక ఉండదు. కిందికి దూరే ముందు బండిని చేతులతో గట్టిగా ఊపి చూడండి. అప్పుడు కదిలితే మళ్లీ నిలబెట్టండి. ఎంత ఎత్తు అంటే, బెల్ హౌసింగ్ (గేర్ బాక్స్‌లో క్లచ్‌ను కప్పే గంట ఆకారపు భాగం) నిలువుగా బండి కింద నుంచి బయటికి జరగాలి. టేపుతో కొలిచి చూసుకోండి.

డ్రైవ్ షాఫ్ట్ ఎంత లాగినా రావడం లేదు.

షాఫ్ట్‌ను పట్టుకుని లాగకండి. లోపలి జాయింట్ విడిపోయి రబ్బరు బూటులోనే ఊడిపోతుంది. కింది ఆర్మ్ బాల్ జాయింట్ విడదీసి హబ్‌ను బయటికి జరపండి. తర్వాత గేర్ బాక్స్‌కూ లోపలి జాయింట్‌కూ మధ్య ప్రై బార్ పెట్టి ఒక్క ఊపులో గుంజండి. లోపలున్న చిన్న రింగు టక్‌మని వదులుతుంది. ఈ పద్ధతిలో హబ్ నట్టు విప్పే పని చాలా కార్లలో ఉండదు. బయటికి వచ్చిన షాఫ్ట్‌ను వేలాడదీయకుండా తీగతో కట్టండి, రంధ్రంలో శుభ్రమైన గుడ్డ కుక్కండి.

బోల్టులన్నీ తీశాను, గేర్ బాక్స్ ఇంజిన్ నుంచి కదలడం లేదు.

పది సందర్భాల్లో తొమ్మిదింటికి ఇంకో బోల్టు మిగిలి ఉంటుంది. స్టార్టర్ మోటార్ వెనకాల, కింది రేకు కవరు దగ్గర, ఇంజిన్ వైపు నుంచి తిరగేసి పెట్టిన చోట వెతకండి. వేళ్లతో చుట్టూ తడుముతూ రండి, కంటికి కనపడనిది చేతికి తగులుతుంది. నిజంగా ఏదీ లేదంటే, ఇంజిన్‌నూ గేర్ బాక్స్‌నూ సరిగ్గా కూర్చోబెట్టే డోవెల్ పిన్నులు తుప్పుతో పట్టేశాయన్నమాట. వాటి మీద ఆయిల్ కొట్టి, అల్యూమినియం అంచు చెడకుండా రెండు పక్కలా మార్చి మార్చి కొద్దికొద్దిగా ప్రై చేయండి.

సాయానికి మా బావమరిది ఉన్నాడు. ఇద్దరం చేతులతో దించేయొచ్చా?

మనిషి ఉండటం చాలా మంచిది, కానీ బరువు జాకీ మీదే దిగాలి. ఒకరు జాకీ, ఒకరు గేర్ బాక్స్ సమతూకం చూసుకోవాలి. ఎవరి ఛాతీ మీదికీ దించుకోకూడదు. మౌంటింగ్ తీసేముందు ఇంజిన్ కింద చెక్క పెట్టి రెండో జాకీ ఆనించండి, లేకపోతే ఇంజిన్ ఒక పక్కకు ఒరిగిపోతుంది. చెక్క లేకుండా జాకీ పెడితే ఇంజిన్ అడుగునుండే ఆయిల్ సంప్ సొట్టపోతుంది.

బెల్ హౌసింగ్ విడివడ్డాక కూడా ఇన్‌పుట్ షాఫ్ట్ ప్లేట్‌లో ఉంటుంది. నేరుగా వెనక్కి లాగి షాఫ్ట్ పూర్తిగా బయటికి వచ్చాకే కిందికి దించండి.

లోపల నల్లటి దుమ్ము చాలా ఉంది. గాలి కొట్టి శుభ్రం చేయొచ్చా?

గాలి కొట్టొద్దు. పాత ప్లేట్లలో, ఊరూ పేరూ లేని చవక ప్లేట్లలో ఆస్బెస్టాస్ ఉండే అవకాశం ఉంది, అది ఊపిరితిత్తులకు చేసే హాని ఏళ్ల తర్వాత బయటపడుతుంది. మాస్క్ పెట్టుకుని, తడి గుడ్డతో తుడిచి, ఆ గుడ్డను కవర్లో కట్టి పారేయండి. పిల్లల్ని ఆ దరిదాపులకు రానివ్వకండి.

## కొత్త సెట్ బిగించేటప్పుడు

ఫ్లైవీల్ కూడా మార్చాలా?

చాలాసార్లు అక్కర్లేదు. ప్లేట్ ఆనే ముఖం మీద గోరుతో గీసి చూడండి. గోరు పట్టుకునేంత గాడి ఉంటే లేత్ పని చేసేవాళ్ల దగ్గర ఫేసింగ్ (ముఖం చదును) చేయించాలి. అక్కడక్కడా నీలం మచ్చలుంటే బాగా వేడెక్కినట్టు. వెంట్రుకల్లా సన్నని పగుళ్లు లోతుగా ఉన్నా, రింగ్ గేర్ పళ్లు విరిగినా మార్చేయండి. ఏ తేడా లేకపోతే ఎమెరీ పేపర్‌తో మెరుపు పోయేలా అడ్డదిడ్డంగా రుద్ది, బ్రేక్ క్లీనర్‌తో తుడవండి. మన తేమకు శుభ్రం చేసిన ఫ్లైవీల్ మీద ఒక్క రాత్రిలో ఎర్రటి పొర పట్టొచ్చు, అందుకే ప్లేట్ బిగించే ముందే ఈ పని పెట్టుకోండి.

అక్కడంతా ఆయిల్ తడిగా ఉంది. ఎక్కడి నుంచి?

వాసన చూడండి. గేర్ ఆయిల్‌కు గంధకపు ఘాటు ఉంటుంది, అంటే ఇన్‌పుట్ షాఫ్ట్ సీల్ లీకు. నల్లగా ఉండి ఆ ఘాటు లేకపోతే ఇంజిన్ ఆయిల్, ఫ్లైవీల్ వెనక రియర్ సీల్ పోయింది. కారణం సరిచేయకుండా కొత్త ప్లేట్ వేస్తే అదీ తడిసి జారుతుంది. ఆయిల్ తాగిన ప్లేట్‌ను పెట్రోల్‌తో కడిగినా పనికిరాదు.

ప్లేట్ ఏ వైపు తిప్పి పెట్టాలి?

ఫ్లైవీల్ వైపు ఏదన్నది ప్లేట్ మీదే రాసి ఉంటుంది, దాన్నే నమ్మండి. రాత లేకపోతే, చాలా కార్లలో స్ప్రింగులున్న ఉబ్బెత్తు భాగం గేర్ బాక్స్ వైపుండాలి. తిరగేసి పెడితే ఆ ఉబ్బు ఫ్లైవీల్ బోల్టులకు తగిలి క్లచ్ విడిపోదు.

అలైన్‌మెంట్ టూల్ కొనకుండా కుదరదా?

కళ్లతో చూసి కూడా పెట్టేవాళ్లున్నారు. సాకెట్ ఎక్స్‌టెన్షన్‌కు టేపు చుట్టి సరిపెట్టేవాళ్లూ ఉన్నారు. మొదటిసారి చేసేవాళ్లకు మాత్రం టూల్ ఉండాలి. ప్లేట్ మధ్యకు రాకపోతే గేర్ బాక్స్ ఎన్ని గంటలు తోసినా ఎక్కదు.

ప్రెషర్ ప్లేట్ బోల్టులు ఆరింటినీ చేత్తో పట్టించి, ఎదురెదురుగా సగం చుట్టు చొప్పున బిగించుకుంటూ రండి. ఒకే వైపు బిగిస్తే ప్లేట్ కవరు వంగుతుంది. చివరి బిగింపు టార్క్ రెంచ్‌తోనే. చిన్న కార్లలో ఇది మామూలుగా 20 నుంచి 25 న్యూటన్ మీటర్ల మధ్య ఉంటుంది. మీ కారు సర్వీస్ మాన్యువల్‌లో ఉన్న అంకెనే ఖాయం చేసుకోండి. బిగించేశాక టూల్ చేత్తో తేలిగ్గా బయటికి వస్తే ప్లేట్ మధ్యలో ఉన్నట్టే.

గ్రీజు ఎక్కడ పెట్టాలి?

షాఫ్ట్ పళ్ల మీద, రిలీజ్ బేరింగ్‌ను నెట్టే ఫోర్క్ ఆనే చోట, బేరింగ్ జారే గొట్టం మీద పల్చగా. ప్లేట్‌ను షాఫ్ట్ మీద ఒకసారి ఎక్కించి తీస్తే ఎక్కువైన గ్రీజు అంచున పోగవుతుంది, దాన్ని తుడిచేయండి. వేడికి అది చిమ్మి ప్లేట్ మీద పడుతుంది. కొత్త రిలీజ్ బేరింగ్‌ను పెట్రోల్, కిరోసిన్‌లో ముంచి కడగొద్దు, లోపలి గ్రీజు కరిగిపోతుంది.

గేర్ బాక్స్ ఒక అంగుళం ఖాళీ వరకు వచ్చి ఆగిపోయింది. బోల్టులు పెట్టి లాగేయనా?

ఈ పని మొత్తంలో ఎక్కువ నష్టం జరిగేది ఇక్కడే. బోల్టులతో లాగితే గేర్ బాక్స్ చెవి విరుగుతుంది, లేదా ప్లేట్ మధ్య భాగం వంగుతుంది. బెల్ హౌసింగ్ అల్యూమినియం, అది మీ బలానికి తట్టుకోదు.

ముందు చుట్టూ ఖాళీ సమానంగా ఉందో చూడండి. పైన తక్కువ, కింద ఎక్కువ ఉంటే జాకీ ఎత్తు మార్చండి. సమానంగా ఉండి కూడా ఆగితే షాఫ్ట్ పళ్లు, ప్లేట్ పళ్లు ఎదురుపడ్డాయి. గేర్ బాక్స్‌ను ఏదో ఒక గేరులో పెట్టి డ్రైవ్ షాఫ్ట్ వైపు నుంచి కొద్దిగా తిప్పండి, లేదా క్రాంక్ పుల్లీ బోల్టును పానాతో కాస్త తిప్పండి. సాయానికున్న మనిషి అదే సమయంలో మెల్లగా తోస్తుంటే చటుక్కున లోపలికి జారుతుంది. ముందే రెండు పొడవాటి బోల్టుల తలలు కోసి, ఎదురెదురు రంధ్రాల్లో దారి చూపే కడ్డీల్లా బిగించుకుంటే బరువు వాటి మీద ఆగి పని సగమవుతుంది. అరగంటలో ఎక్కకపోతే గేర్ బాక్స్ కిందికి దించి, టీ తాగి, ప్లేట్ మధ్యలో ఉందో లేదో మళ్లీ చూడండి. చేతులు వణుకుతుంటే ఆ రోజుకి వదిలేయండి.

## ఎక్కించాక

గేర్ ఆయిల్ ఎంత పోయాలి?

గ్రేడు, పరిమాణం రెండూ మీ కారు మాన్యువల్ ప్రకారం. పక్కన లెవెల్ ప్లగ్ ఉన్న గేర్ బాక్సులకు బండిని చదునుగా దించి, రంధ్రం కింది అంచు నుంచి ఆయిల్ కారడం మొదలయ్యేదాకా పోయాలి. బండి ముందు భాగం ఎత్తులో ఉండగా పోస్తే లెక్క తప్పుతుంది.

స్టార్ట్ చేశాను, గేర్ పడటం లేదు. అంతా విప్పాలా?

ముందు కేబుల్ సర్దండి. కొత్త సెట్‌కు పాత సర్దుబాటు సరిపోదు. ఫోర్క్ బేరింగ్‌లో సరిగా కూర్చుందా చూడండి. ఇంజిన్ ఆపినప్పుడు గేర్లు పడి, ఆన్‌లో పడకపోతే క్లచ్ విడిపోవడం లేదని అర్థం. హైడ్రాలిక్ అయితే గొట్టంలో గాలి తీయాలి. అవన్నీ సరిగ్గా ఉండి కూడా పడకపోతేనే ప్లేట్ తిరగబడిందా అని అనుమానించాలి.

మొదటి రోజు కాస్త వాసన వచ్చింది. టెన్షన్ పడాలా?

కొద్దిపాటి వాసన కొత్త ప్లేట్‌కు, చేతులంటిన గ్రీజుకు మామూలే. ఒకటి రెండు రోజుల్లో పోతుంది. పొగ వచ్చినా, వాసనతో పాటు బండి జారినా వెంటనే ఆపి కేబుల్ బిగుతు చూడండి.

వచ్చే వారమే అరకు వెళ్లాలి. వెళ్లొచ్చా?

వాయిదా వేయండి. మొదటి 500 కిలోమీటర్లు ఊళ్లోనే, మెత్తగా నడపండి. ఆ తిరుగుడులోనే ప్లేట్, ఫ్లైవీల్ ముఖాలు ఒకదానికొకటి సర్దుకుంటాయి. ఐదుగురిని ఎక్కించుకుని అనంతగిరి ఘాట్ ఎక్కితే, సర్దుకోని ముఖం కాలి గాజులా నునుపెక్కుతుంది, ఆ తర్వాత జారుతూనే ఉంటుంది. పనయ్యాక ఆశీల్‌మెట్ట సంపత్ వినాయగర్ గుడి దాకా వెళ్లి బండికి ఓ కొబ్బరికాయ కొట్టిస్తామంటే ఆ దూరం చాలు. సింహాచలం కొండ మీదికి తర్వాత వెళ్లండి. ఇంటికి తిరిగొచ్చాక బండి కింద అట్ట పరిచి రాత్రంతా వదిలేయండి, సీళ్ల దగ్గర చుక్క పడితే పొద్దున్నే కనిపిస్తుంది. ఒకసారి చక్రాల నట్లు, బాల్ జాయింట్ బోల్టు బిగింపు కూడా చూడండి.

పాత ఆయిల్, పాత ప్లేట్ ఏం చేయాలి?

ఆయిల్‌ను గెడ్డలో గానీ, మురుగు కాలువలో గానీ పోయకండి. మన గెడ్డలన్నీ చివరికి సముద్రంలోనే కలుస్తాయి. మూత బిగించిన డబ్బాలో పోసి ఆటోనగర్‌లో ఆయిల్ మార్చే గ్యారేజీకి ఇవ్వండి, వాడేసిన ఆయిల్ కొనేవాళ్లు వాళ్ల దగ్గరికి వస్తారు. ప్రెషర్ ప్లేట్, బేరింగ్ పాత ఇనుము కింద పోతాయి. పాత ప్లేట్‌ను గట్టి కవర్లో కట్టి ఇవ్వండి. పాత కేబుల్ తెగకుండా ఉంటే చుట్టచుట్టి డిక్కీలో పెట్టుకోండి, దారిలో కొత్తది తెగిన రోజు బండిని ఇంటికి చేరుస్తుంది.